ఒక మాట చరిత్ర: మచ్చిక, మరపు, దమము



నేడు నేను తమతో ముచ్చటింపదలచినది ఒక యింగ్లీషు మాటనుగూర్చి. ఆ మాట ‘టేమ్’. నిఘంటువు తెరచినచో మచ్చికయైన, మాలిమియైన, సాధువైన యను నర్థములు కనబడును. ఇంత చిన్నమాటకై ఇంత కాలక్షేపమేల యని తాము శంకింపవచ్చును. ఈ మాట నన్నొకమారు నలుగురిలో నవ్వులపాలు చేసినది. పిమ్మట నా చేతిబెత్తమును క్రింద పెట్టించినది. కావున దాని పుట్టుపూర్వోత్తరములు వెదకుట నాకొక ఋణమైనది.

1984వ సంవత్సరమున నేను కృష్ణానదికి దక్షిణముగా, సముద్రమునకు చేరువనున్న యొక యూరి బడిలో తెలుగు పండితుడనుగా నుంటిని. ఒకనాడు పర్యవేక్షణమునకు వచ్చిన యధికారి నా తరగతిలో అరగంటసేపు కూర్చుండి, పోవునపుడు బడిపుస్తకమున రెండు పంక్తులు ఇంగ్లీషున వ్రాసిరి. అందు పిల్లలు ‘టేమ్’ గా నున్నారని యొక మాట. నాకు వచ్చిన యింగ్లీషు అంతంత మాత్రము. నిఘంటువు చూచితిని, ‘సాధువైన’ అని యున్నది. ఇంకనేమి! సాయంకాలము రచ్చబండకడ కూర్చున్న పెద్దలతో, “మీ పిల్లలు మిక్కిలి సాధువులని అధికారిగారు వ్రాసి పోయినారు” అంటిని. గ్రామపెద్ద సంతసించి మరునాడు పిల్లలకందరికి అరటిపండ్లు పంచిపెట్టించెను. అవి తినుచుండగనే పట్టణమున ఇంగ్లీషు చదువుకొని వచ్చిన యొక యువకుడు ఆ పంక్తులు చదివి ఫక్కున నవ్వెను. ఆవును, కుక్కను అట్లన్న మెప్పే కాని మనుష్యులను, కథలను, ఆటలను అట్లన్న చప్పనివి, చేవలేనివి, జీవములేనివి యని యర్థమట. పండ్లు తిరిగి తీసికొనుటకు వీలులేకపోయెను.

నాటినుండి ఆ మాట నా వెంటబడినది. సంస్కృతము చదివినవాడను గనుక ముందుగా దాని ధాతువేదియో తెలిసికొనగోరితిని. తెలిసినపుడు నాకు కలిగిన యాశ్చర్యము ఇంతింత యనరాదు. అది మన ‘దమ్’ ధాతువే. పాణినీయ ధాతుపాఠమున ఉపశమార్థమున చెప్పబడి, దామ్యతి యను రూపము గలది. శమము, దమము అని మనము పురాణశ్రవణమున వినునట్టి దమమే ఇంగ్లండులో ‘టేమ్’ అయి కూర్చున్నది.

ఇది నా యూహ కాదు. 1786లో కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీ సభలో సర్ విలియం జోన్సు పండితుడు సంస్కృతమునకును, గ్రీకు లాటిను భాషలకును గల పోలిక కాకతాళీయము కాదనియు, ఇవి యన్నియు ఒకే మూలమునుండి వెడలియుండవలెననియు ఉపన్యసించెను. తరువాత జర్మనీ దేశపు యాకోబ్ గ్రిమ్ అనునాతడు 1822లో ఒక సూత్రము ప్రకటించెను. సంస్కృతమున దకారమున్నచోట ఇంగ్లీషున టకారము వచ్చునని అందలి యొక భాగము. ద్వి యనుచోట ‘టూ’, దశ యనుచోట ‘టెన్’, దంతమనుచోట ‘టూత్’, దారువనుచోట ‘ట్రీ’. ఆ వరుసలోనిదే దమమునకు ‘టేమ్’. బడిలో ఎక్కాలు వల్లించినట్లు దీనిని వల్లించి చూడుడు, చెవికే తెలియును.

ఒకసారి తీగ చేతికందిన పిమ్మట డొంకయంతయు కదలినది. లాటినులో ‘దోమారే’ యనగా లొంగదీయుట; దానినుండియే ఇంగ్లీషులో భయపెట్టి వెనుకకు తగ్గించుట యను నర్థముగల ‘డాంట్’ అనునదియు, లొంగని ధీరుని చెప్పు ‘ఇండామిటబుల్’ అనునదియు పుట్టినవి. గ్రీకులో ‘అదమస్’ అనగా లొంగనిది, మన భాషలో అదమ్యము. ఏ పనిముట్టునకును లొంగని మహాకఠినవస్తువునకు ఆ పేరు పెట్టిరి. ఆ పేరే మారి మారి ఇంగ్లీషున ‘డైమండ్’ అయినది. అనగా వజ్రమునకు వారు పెట్టిన పేరునకర్థము మచ్చిక కానిది యని!

మన యింట నీ ధాతువు ఎంత విస్తరించినదో చూడుడు. విదర్భరాజైన భీముడు సంతానములేక దమనుడను మహర్షిని సేవించి, ఆతని వరమున కన్నబిడ్డలకు దమయంతి, దముడు, దాంతుడు, దమనుడు అని పేళ్లు పెట్టినట్లు భారతకథ. ఇల్లంతయు ఒకే ధాతువు! శకుంతల కుమారుడు ఆరేండ్ల ప్రాయమున కణ్వాశ్రమము చుట్టునున్న సింహములను, పులులను, ఏనుగులను పట్టితెచ్చి చెట్లకు కట్టివేయగా చూచి మునులు సర్వదమనుడని పిలిచిరి, ఆతడే భరతుడు. అమరకోశమున ‘దమ్యము’ అనగా కాడికి మరపదగిన ప్రాయమునకు వచ్చిన కోడెదూడ. ఇచ్చట ఒక హెచ్చరిక చేయవలెను. దామోదరుని దామము ఈ కుటుంబములోనిది కాదు. అది కట్టుట యను నర్థముగల వేరొక ధాతువునుండి వచ్చినది, త్రాడని యర్థము. పోలిక చూచి చుట్టరికము కలుపరాదు.

అట్లే ‘దంపతి’ శబ్దము. జాయాశబ్దమునకు దంభావము వచ్చి దంపతులైనదని నా గురువులు చెప్పిరి. నేనును నా శిష్యులకు అట్లే చెప్పితిని. అయితే ఋగ్వేదమున దంపతి శబ్దము ఏకవచనమున అగ్నిపరముగా కనబడును. అచ్చట గృహపతి యని యర్థము. వేదభాషలో దమమనగా ఇల్లు కూడ. లాటినులో ఇంటికి ‘దోముస్’ అనుటయు, దానినుండి ఇంగ్లీషున ‘డొమెస్టిక్’ అనగా ఇంటికి సంబంధించినది యను మాట వచ్చుటయు ఇందువలననే. గ్రీకులో ‘దెస్పోతేస్’ అను మాట మన దంపతికి తోబుట్టువు. ఇంటి యజమానుని చెప్పుచుండి, తుదకు ఇంగ్లీషులో నిరంకుశప్రభువును చెప్పు ‘డెస్పాట్’ అయినది. ఒకే మాట మనచోట ఆలుమగలు, అచ్చట నిరంకుశుడు! ఈ వ్యుత్పత్తి చెప్పినచో మా గురువుగారు నన్ను గోడకుర్చీ వేయించెడివారు. ఇల్లు అను దమమును, లొంగదీయుట యను దమమును ఒకే మూలమునుండి వచ్చినవా, వేరువేరా యన్న విషయమున భాషావేత్తలలో ఏకాభిప్రాయము లేదు. నాకు వానిని కలుపవలెననియే యుండును; కాని కోరిక ప్రమాణము కాదు.

ఇక మన తెలుగుమాటలు. ఇవి యీ కుటుంబములోనివి కావు. 1816లో చెన్నపట్టణమున ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ అను దొర, క్యాంబెలు దొర రచించిన తెలుగు వ్యాకరణమునకు పీఠికాభాగము వ్రాయుచు, తెలుగు సంస్కృతమునుండి పుట్టినది కాదనియు, తమిళ కన్నడములతో కూడిన వేరొక కుటుంబమనియు నిరూపించెను. కాబట్టి యీ విషయమున మన పూర్వులు చేసిన యాలోచన వారి సొంతము. ఆ మాటలను విడివిడిగా చూచినచో ఎంత సూక్ష్మముగా నాలోచించిరో తెలియును.

మచ్చిక యనగా మొదట స్నేహము, చనువు. ‘వానికిని వీనికిని మచ్చిక యెక్కువ’ అందుము. పశువును మచ్చిక చేసికొనుట యనగా దానితో చనువు కుదుర్చుకొనుట. మాలిమియు నట్టిదే. ఈ రెండు మాటలలోను లొంగదీయుట యను తలంపే లేదు. పులిని మచ్చిక చేసినను అది స్నేహముక్రిందనే జమ. సంస్కృతమువాడు, ఇంగ్లీషువాడు అదిమిపట్టుటతో మొదలుపెట్టగా, తెలుగువాడు చెలిమితో మొదలుపెట్టినాడు. మనవారు పశువులను కొట్టలేదని కాదు నేననుట. ముల్లుకర్ర మన చేతిలోనిదే. మాటలో మాత్రము ముల్లు లేదు.

మరపు అనునది వేరు. మరగు అనగా అలవాటుపడుట. పాలు మరగిన పిల్లి యందుము. సంతలో కొనితెచ్చిన ఆవు ఇంకను ఇంటికి మరగలేదందుము. ఆ మరగు క్రియకు ప్రేరణరూపము మరపు: అలవాటు పడునట్లు చేయుట, నేర్పుట. కోడెను కాడికి మరపుట తాము ఎరుగని విద్య కాదు. నా చిన్ననాట మా తండ్రిగారి యింట చూచినదే చెప్పుచున్నాను. కోడెకు ముకుతాడు వేసిన తరువాత కొన్నాళ్లు ఊరకే త్రిప్పెడివారు. పిమ్మట నాగలికి కట్టక, ఒక మొద్దును కట్టి లాగించెడివారు. ఆ మీదట పనియెరిగిన ముసలియెద్దును ప్రక్కన జతచేసి కాడి మోపెడివారు. ముసలియెద్దు వలపట, కోడె దాపట. మా పాలేరు ముసలియెద్దు వంక చూపి, “మనం కాదు నేర్పేది, ఆయన” అనెడివాడు. ఎద్దును ‘ఆయన’ అనుట వినుటకు నాకు వింతగా నుండెడిది. ముప్పదియేండ్లు బడిలో నున్న పిమ్మట ఆ మాటలోని శిక్షాశాస్త్రము నాకు బోధపడినది.

పెంపుడు అనునది మరియొకటి. పెంపుడు కుక్క, పెంపుడు చిలుక, పెంపుడు కొడుకు. ఇంగ్లీషున ‘టేమ్’ కుక్క యనవచ్చును గాని ‘టేమ్’ కొడుకు అని దత్తుని చెప్పలేరు. మనకు కుక్కకును కొడుకునకును ఒకే విశేషణము. అందు చిన్నతనము లేదు, ఏలయన పెంపుడు అను మాట పెంచినవాని పనిని చెప్పుచున్నది గాని పెరిగినదాని లోబడుటను చెప్పదు.

మచ్చికకును పెంపునకును గల భేదమును పండితులు ఈ నడుమ శాస్త్రీయముగా విమర్శించినారు. మన మాటలతో వారి సిద్ధాంతము చక్కగా కుదురును. ఏనుగును తీసికొనుడు. కౌటిల్యుని అర్థశాస్త్రము, 1909లో శామశాస్త్రిగారు మైసూరునుండి ప్రకటించినది, ఏనుగులను ఎండకాలమున పట్టవలెననియు, ఇరువదియేండ్ల ప్రాయముదానిని పట్టవలెననియు విధించుచున్నది. ఏనుగుల యడవులను కాపాడవలెననియు చెప్పుచున్నది. ఎందుకు? ఏనుగు గొడ్లసావిడిలో తరతరములుగా ఈని పెరుగు జంతువు కాదు. ప్రతి తరమునను అడవికి పోయి క్రొత్తదానిని పట్టి, మొదటినుండి మచ్చిక చేయవలసినదే. ఏనుగు మచ్చికయగును గాని దాని జాతి ఇంటిజాతి కాలేదు. చిత్తూరు సీమవారికి కుంకి యేనుగనగా తెలియును: అడవియేనుగులు చేలపై పడినపుడు వానిని తరుముటకు తెచ్చు మచ్చికయేనుగు. రెండును ఒకే జాతి. నడుమనున్నది మావటివాని శ్రమ మాత్రమే.

దీనికి సరిగా ఎదురుగానున్నది పట్టుపురుగు. హిందూపురము, మదనపల్లె ప్రాంతములవారికి ఇది నిత్యానుభవము. చీనావారు అయిదువేల యేండ్లకు పూర్వమే దీనిని ఇంటికి తెచ్చినారు. నేడది అడవిలో బ్రదుకజాలదు. రెక్కలున్నను చిలుక యెగురలేదు. ఆకు మనమే తెచ్చి పెట్టవలెను. ఇంతకంటె ఇంటిజాతి లేదు. అయినను పట్టుపురుగు మచ్చికయైనదని ఎవరైన నందురా? అది మన ముఖమైన నెరుగదు. మనము పట్టుపురుగుల పెంపకము అందుము. మాట సరిగా కుదిరినది.

మరి యొక జాతి అడవినుండి ఇంటికి ఎట్లు వచ్చును? డార్విను 1859లో తన గ్రంథపు మొదటి యధ్యాయముననే ఒక వింత గుర్తించెను. ఇంటిజంతువులలో ఏదో యొక దేశమునందైనను చెవులు వ్రేలాడు రకము లేని జాతి యొక్కటియు లేదని. భయము తక్కువగుటచే చెవికండరములకు పనిలేకపోవుట దీనికి కారణము కావచ్చునని ఆయన తలచెను. నూరేండ్ల తరువాత 1959లో రష్యాదేశమున, సైబీరియాలోని నొవొసిబిర్స్క్ నగరమునకు చేరువ, బెల్యాయెవ్ అను శాస్త్రజ్ఞుడు తోలుకొరకు పెంచబడుచున్న నక్కలను తెచ్చి, ప్రతి తరమునను మనుష్యుని చూచి భయపడని, కరవని పిల్లలను మాత్రమే ఏరి వానినుండియే సంతతి పొందుచు వచ్చెను. చెవిని, రంగును, తోకను ఆయన చూడలేదు. సాధుగుణము నొక్కటియే చూచెను. కొలది తరములలోనే ఆ నక్కలు మనుష్యుని చూచి తోకలాడించుట, చేయి నాకుట మొదలిడినవి. పది తరములు దాటునప్పటికి కొన్నింటికి చెవులు వాలినవి, తోకలు మెలివడినవి, మేన తెల్లమచ్చలు పడినవి. గుణము నేరినచో రూపము వెంట వచ్చినది. ఆయన శిష్యురాలు త్రూత్ అను నామె ఆ పనిని దశాబ్దములు కొనసాగించినది.

మన పశువుల సంగతి తెలిసికొనుటకు అంత దూరము పోనక్కరలేదు. కుక్క యొక్కటి పదునైదువేల యేండ్లకంటె ముందునుండియే మనిషి వెంటనున్నది. మూపురముగల మన యెద్దు సింధునదికి పడమట, మెహర్‌గఢ్ అను చోట, సుమారెనిమిదివేల యేండ్ల క్రిందటనే మనుష్యుల చెంత నున్నట్లు త్రవ్వకములవలన తెలిసినది. మన సీమలో బూడిద దిబ్బలున్నవి. బళ్లారి ప్రాంతమునను, అనంతపురము జిల్లా పాలవాయి కడను, పూర్వపు మహబూబునగరము జిల్లా ఉట్నూరు కడను ఇవి కలవు. హంపీ చేరువనున్న నింబాపురపు దిబ్బను వాలి చితాభస్మమని జనులు చెప్పుకొందురు. 1957లో ఆల్చిన్ అను పురావస్తుపండితుడు ఉట్నూరు దిబ్బను త్రవ్వించి చూడగా, దుంగలు పాతి కట్టిన దొడ్లును, పొరలు పొరలుగా కాలిన పేడయు, ఆ పొరలలో పశువుల గిట్టల గుర్తులును బయటపడినవి. నాలుగైదువేల యేండ్లనాటి మన పశుకాపరులు దొడ్డిలో పేరుకొనిన పేడకు మరల మరల నిప్పుపెట్టగా ఏర్పడిన దిబ్బలవి. వాలిని నమ్మువారితో నేను వాదింపను. కాని ఆ గిట్టల గుర్తులు నాకు అంతకంటె పవిత్రముగా తోచినవి.

ఇంతవరకు పశువుల మాట. ఇంగ్లీషు మాట పశువులతో ఆగలేదు. నదిని ‘టేమ్’ చేయుట, అడవిని ‘టేమ్’ చేయుట యందురు. అంతవరకు దోషము లేదు. మనమును ఆవును కట్టుదుము, ఏటికి ఆనకట్ట కట్టుదుము, ఒకే క్రియ. షేక్స్‌పియరు 1590 ప్రాంతమున ఒక గయ్యాళిని ‘టేమ్’ చేయు కథను నాటకముగా వ్రాసెను. అందు పెండ్లికొడుకు భార్యకు తిండిలేక, నిద్రలేక చేయును. వేటడేగను లొంగదీయు పద్ధతి యిదేయని తానే చెప్పుకొనును. జనులు నాలుగువందల యేండ్లుగా నవ్వుచునే యున్నారు. నాకు మాత్రము నవ్వు రాలేదు.

ఆ డేగలవారి భాషలోనిదే మరియొక మాట కలదు: ‘రీక్లెయిమ్’. వదలిన డేగను మరల చేతిమీదికి పిలుచుట దాని పూర్వార్థము. అందుండియే మచ్చిక చేయుట యను నర్థము వచ్చినది. తరువాత బీడుభూమిని సాగునకు తెచ్చుటకును, ఆ పిమ్మట మనుష్యులకును వాడిరి. 1871లో ఇంగ్లీషు ప్రభుత్వమువారు నేరస్థజాతుల చట్టమను పేర ఒక శాసనము చేసిరి. కొన్ని కులములవారు పుట్టుకతోనే దొంగలని దాని భావము. 1911నాటి చట్టముతో అది చెన్నపురి రాజధానికిని వచ్చినది. పేర్లు వ్రాయించుకొనవలెను, వ్రేలిముద్రలు వేయవలెను, సెలవుచీటి లేక ఊరు దాటరాదు, పిలిచినపుడు హాజరు పలుకవలెను. 1913 ప్రాంతమున బాపట్ల చేరువ స్టువార్టుపురమను పేర ఒక సెటిల్‌మెంటు నెలకొల్పి, ఎరుకలవారిని అందుంచి, సాల్వేషన్ ఆర్మీ యను క్రైస్తవసంఘమువారి కప్పగించిరి. ఈ పనికి ఆనాటి కాగితములలోని పేరు ‘రిక్లమేషన్’. డేగకు, బీడునేలకు వాడిన మాటయే. చెన్నరాష్ట్రమున ఈ చట్టమును 1947లోను, దేశమంతటను 1952లోను తొలగించిరి. చట్టము పోయినది గాని కొందరి నోట ఆ పేరు పోలేదు.

నా తరగతిని ‘టేమ్’ అని వ్రాసిన యధికారిని నేను చాలకాలము మనసులో తిట్టుకొంటిని. నిజమునకు ఆయన చూచినది చూచినట్లే వ్రాసిరి. నా పిల్లలు నోరు మెదపెడివారు కారు. నా బల్లమీద బెత్తముండెడిది. దండము అను శబ్దము దమనమునుండి వచ్చినదని ఔపమన్యవుడు చెప్పినట్లు యాస్కుడు నిరుక్తమున వ్రాసినాడు. గౌతమధర్మసూత్రమును అదే మాట చెప్పుచున్నది. నేటి భాషావేత్తలు దీని నంగీకరింపరు. నేను నాడు దానిని ఒప్పుకొనుటయే కాక, దినదినము ఆచరించుచుంటిని.

బృహదారణ్యకోపనిషత్తులో ఒక కథ కలదు. దేవతలు, మనుష్యులు, అసురులు ముగ్గురును ప్రజాపతికి బిడ్డలే. విద్య ముగిసిన పిమ్మట ఉపదేశము కోరగా, ఆయన ముగ్గురికిని ‘ద’ అను నొక్క యక్షరమునే చెప్పెను. మనుష్యులు దానముగా, అసురులు దయగా గ్రహించిరి. దమమని గ్రహించినవారు దేవతలు. దేవతలకు లోబడని దేమున్నది, తాము తప్ప? అనగా మనవారు ఈ ధాతువును లోపలికి త్రిప్పినారు, లొంగదీయవలసినది తన్నే. నేను ఈ కథను ఎన్నిమారులో పిల్లలకు చెప్పితిని, చేత బెత్తము పట్టుకొనియే.

అరటిపండ్లు పంచిన మరుసటి మాసమున ఒక బాలుడు క్రొత్తగా తరగతిలో చేరెను. ఎరుకలవారి బిడ్డ. చదువులో చురుకు. ఉదయము నేను హాజరు పిలుచునపుడు మాత్రము వాని పేరు వచ్చినచో తలవంచుకొని ఊరకుండును. ఎదుటనే యుండి పలుకడు. మొదటినాడు గద్దించితిని. రెండవనాడును, మూడవనాడును కొట్టితిని. వాడు ఏడ్వలేదు, పలుకను లేదు. నాలుగవనాడు వాని తాతగారు వచ్చి గుమ్మము వెలుపల నిలుచుండిరి. డెబ్బదియేండ్లవాడు. లోనికి రమ్మన్నను రాలేదు. ఆయన యన్న మాటలు వ్యావహారికముననే చెప్పెదను. మార్చుటకు నాకు మనసొప్పదు.

“అయ్యగారూ, తప్పు వాడిది కాదండి, నాది. మాకు పొద్దున ఓసారి, రాత్రి ఓసారి హాజరు ఉండేదండి. పేరు పిలిస్తే పశువు లేచినట్టు లేచి ఉన్నానండి అనాలి. అనకపోతే జైలే. ఆ కతలన్నీ నేనే వాడికి చెప్పాను. వాడు హాజరుకి పలకనని పట్టుపట్టాడండి. పాఠం అడగండి, చెప్తాడు.”

నేను ఏమియు బదులు చెప్పలేకపోతిని. తరగతియంతయు కిక్కురుమనక యుండెను. అందరి మౌనము నా బెత్తము వలననైనది, వాని మౌనము వేరు. ఒకే గదిలో రెండు మౌనములుండగా నేను రెంటికిని ఒకే పేరు పెట్టితిని.

ఆ సాయంకాలమే బెత్తమును అటకమీద పెట్టితిని. మరునాటినుండి పేర్లు పిలుచుట మాని, తరగతిని కన్నులతో చూచి హాజరు వేయుట మొదలిడితిని. పిల్లలు మొదట దీనిని నమ్మలేదు. కొన్నాళ్లకు మాటలాడుట మరగినారు, ఆ మీదట అల్లరియు మరగినారు. ప్రధానోపాధ్యాయునిచేత నేను చీవాట్లు తింటిని. పది పదునైదు దినములు గడచినపిమ్మట ఒకనాడు స్తంభము చాటున కూర్చున్న యొక పిల్లవానిని నేను గమనింపక గైర్హాజరు వేయబోవుచుండగా, వెనుకవరుసనుండి ఆ బాలుడు లేచి, “వాడున్నాడండి” అనెను.